పావు చుట్టు

ఒకే బెంచీ మీద పక్కపక్కన కూర్చున్న ఇద్దరు ఒకే దాని కోసం ప్రార్థన చేస్తే, దేవుడు ఎవరి మొర వింటాడు? ఈ సందేహం సుందర్‌రాజ్‌ను ఏళ్లుగా వెంటాడుతూనే ఉంది. పాస్టరు గారిని అడుగుదామని చాలాసార్లు అనుకున్నాడు. అడిగితే "ఎవరు నాయనా ఆ ఇద్దరు?" అని ఆయన తిరిగి అడుగుతాడేమోనని నోరు మూసుకున్నాడు.

ఆ ఇద్దరిలో ఒకడు తాను. రెండోవాడు తన భార్య బెత్సీకి తమ్ముడు, జాబెజ్. ఇద్దరూ కార్ల మెకానిక్కులే. చాపెల్ రోడ్డు చర్చిలో ఆదివారం ఇద్దరిదీ ఒకే బెంచీ. నాంపల్లిలో ఇద్దరి షెడ్లకూ మధ్య ఒక్క గల్లీ దూరం.

జాబెజ్‌కు పని నేర్పింది సుందర్‌రాజే. అతని షెడ్డులో ఒక ఆచారం ఉండేది. తన ఉస్తాద్ గఫార్ భాయ్ దగ్గర్నుంచి వచ్చింది. శిష్యుడు మొదటిసారి తన చేత్తో కార్బ్యురేటర్ సరిచేసి, ఇంజను మీద నీళ్ల గ్లాసు పెట్టినా తొణక్కుండా దాన్ని నడిపించగలిగిన రోజున, ఉస్తాద్ వాణ్ని మొజంజాహీ మార్కెట్‌కు తీసుకుపోయి ఐస్‌క్రీం తినిపించాలి. అది తిన్నాకే వాడు మేస్త్రీ. సుందర్‌రాజ్ తన దగ్గర పని నేర్చినవాళ్లందరికీ తినిపించాడు, ఒక్క జాబెజ్‌కు తప్ప.

తొంభై ఒకటిలో జాబెజ్ ఒక కారుకు కార్బ్యురేటర్ కట్టాడు. గ్లాసులో నీళ్లు అద్దంలా నిలబడ్డాయి. సుందర్‌రాజ్‌కు ఆ పని పట్టుబడడానికి నాలుగేళ్లు పట్టింది. వీడు చేరి ఏడాది కూడా కాలేదు. కారు ఓనరు ఎదుటే సుందర్‌రాజ్ స్క్రూడ్రైవర్ అందుకుని, గాలీ పెట్రోలూ పాళ్లు మార్చే మిక్చర్ స్క్రూను కుడికి పావు చుట్టు తిప్పాడు. ఇంజను గరగరలాడింది. ఎవరి చూపూ పడకుండా మళ్లీ ఎడమకు పావు చుట్టు తిప్పి యథాస్థానానికి తెచ్చాడు. "జర కొరతున్నది. ఇంకా చెయ్యి తిరగాలె" అన్నాడు. ఆ మాటతో ఐస్‌క్రీం ఎగిరిపోయింది.

తర్వాత జాబెజ్ కోయంబత్తూరు పోయి రేసు కార్ల షెడ్లలో పనిచేశాడు. రెండు వేల ఐదులో తిరిగొచ్చాడు. చంకలో ఒక లాప్‌టాప్, సంచీ నిండా వైర్లు.

వచ్చిన మొదటి వారమే బెత్సీ భోజనానికి పిలిచింది. తినేటప్పుడు జాబెజ్ తన విద్య చెప్పాడు.

"అక్కా, చదరంగం పలక లెక్క అనుకో. అడ్డం ఇంజను వేగం, నిలువు ఇంజను మీద వడే బరువు. ఒక్కో గడిల ఎంత పెట్రోలు పొయ్యాల్నో రాసి ఉంటది. దాన్నే ఫ్యూయల్ మ్యాప్ అంటరు. బండి నడుస్తుంటే ఇంజను ఈ గడికెళ్లి ఆ గడికి ఉరుకుతుంటది. పొగగొట్టంల ఒక సెన్సర్ పెడ్త. పెట్రోలు ఎక్కువైందా, తక్కువైందా అది చెప్తది. కాలు ఎంత తొక్కినమో కూడా లాప్‌టాప్ల ఎక్కుతది. తర్వాత కూసొని ఏ గడిల తప్పుంటే ఆ గడి దిద్దుత."

"మా జాబెజ్‌కు ఎంత బుర్ర!" అంటూ బెత్సీ తమ్ముడి పళ్లెంలో ఇంకో మటన్ ముక్క వేసింది. సుందర్‌రాజ్ పళ్లెంలో మూలుగ ఎముక ఒక్కటే మిగిలింది.

"మాకైతే చెవి సాలురా. గడులెందుకు?" అన్నాడతను.

"నీ చెవి అందరికుంటదా బావా?" అన్నాడు జాబెజ్. అది పొగడ్తో ఎత్తిపొడుపో తేలక ఆ రాత్రి సుందర్‌రాజ్‌కు అన్నం అరగలేదు.

అయినా కొన్నేళ్లు ఏదో ఓర్చుకున్నాడు. అమరేశ్వరరావు గారి తెల్లకారు గల్లీ దాటి అవతలి షెడ్డుకు పోయిన రోజున మాత్రం కడుపు భగ్గుమంది. ఆయనది గుంటూరు వైపు. తండ్రి ఉద్యోగంతో పాటు చిన్నప్పుడే ఈ ఊరొచ్చి హిమాయత్‌నగర్‌లో స్థిరపడ్డారు. ఆ కారు కొన్న నాటినుంచి సుందర్‌రాజ్ తప్ప ఇంకొకరు దాని బానెట్ ఎత్తలేదు. షెడ్డుకు కొత్తగా ఎవరొచ్చినా అతను ముందు ఆ కారు సంగతే చెప్పేవాడు. ఇప్పుడు జాబెజ్ దాని కార్బ్యురేటర్ ఊడబీకి, పెట్రోలు చిమ్మే ఇంజెక్టర్లు, కంప్యూటర్ పెట్టె బిగించాడు. తీసిన కార్బ్యురేటర్‌ను మర్యాదగా తెచ్చి బావ చేతికే ఇచ్చాడు. సుందర్‌రాజ్ దాన్ని పెట్రోలుతో కడిగి, కొత్త గాస్కెట్ వేసి, తెల్లగుడ్డలో చుట్టి బీరువాలో దాచాడు. ఎందుకు దాచాడో తనను తాను అడుక్కోలేదు.

కొత్త సరంజామాతో కారు బాగానే నడిచింది, ఒక్కచోట తప్ప. లక్డీకాపూల్ దాటి నౌబత్ పహాడ్ ఎత్తు ఎక్కేటప్పుడు, మూడో గేరులో యాక్సిలరేటర్ తొక్కితే ఎక్కిళ్లొచ్చినట్టు ఒక్క కుదుపు కుదిపేది.

"ఇదేం బాగాలేదయ్యా జాబెజూ," అన్నారు అమరేశ్వరరావు. "ఈ నెలాఖరులో మా అలేఖ్య పెళ్లికి బెజవాడ పోవాలి. ఈలోగా నయం కాకపోతే పాత కార్బ్యురేటరే పెట్టించేస్తాను. సుందర్రాజు దగ్గర భద్రంగానే ఉందిగా?"

"ఉన్నది సార్, తయారుగ ఉన్నది" అన్నాడు పక్కనే నిలబడ్డ సుందర్‌రాజ్. అంత వేగంగా జవాబిచ్చినందుకు తనకే సిగ్గేసింది.

ఆ ఆదివారం బెంచీ మీద జాబెజ్ కళ్లు గట్టిగా మూసుకుని పెదవులు కదిలించాడు. ఏం అడుగుతున్నాడో సుందర్‌రాజ్‌కు తెలుసు. తాను మాత్రం ఫలానాది కావాలని అడగలేకపోయాడు. "నీ చిత్తం ప్రభువా" అని ఊరుకున్నాడు. ఆయన చిత్తం ఎటువైపు ఉండాలో మాత్రం మనసులో గట్టిగా ఉంది.

జాబెజ్‌కు లాప్‌టాప్ చూస్తూ కూర్చోవాలి కాబట్టి బండి నడపడానికి మనిషి కావాలి. "సుందర్రాజును పెట్టుకో. అది అతని చేతుల్లో పెరిగిన బండి" అన్నారు అమరేశ్వరరావు. కాదనలేక సుందర్‌రాజ్ స్టీరింగ్ పట్టాడు. నాంపల్లి స్టేషన్ నుంచి అబిడ్స్ చుట్టి లక్డీకాపూల్ మీదుగా నౌబత్ పహాడ్ ఎక్కారు. కుదుపు లేదు. మర్నాడు మళ్లీ ఎక్కారు. లేదు. జాబెజ్ ఆ లెక్కలన్నీ చూసి గడులు దిద్దాడు. అమరేశ్వరరావు వచ్చి నడిపితే అదే ఎత్తులో అదే కుదుపు.

"మీరిద్దరూ కలిసి నన్ను వెర్రివాణ్ని చేస్తున్నారా ఏవిటి?" అని ఆయన విసుక్కున్నారు. "రేపు సాయంత్రం వస్తాను. కుదిరిందా సరే, లేకపోతే కార్బ్యురేటరే."

ఆ మాట వినగానే సుందర్‌రాజ్ లోపల ఏదో చల్లబడింది. ఇంటికొచ్చి రెండోసారి అన్నం వడ్డించుకున్నాడు.

"మా తమ్ముడు పొద్దటినుంచి ఏం తినలేదంట" అంది బెత్సీ. అతని ముఖం చూసి ఆగింది. "మీరైతే మంచిగనే తింటున్రు."

అతను పళ్లెం పక్కకు జరిపాడు.

మర్నాడు పొద్దున్నే జాబెజ్ లాప్‌టాప్ తీసుకుని షెడ్డుకొచ్చాడు. బోర్లించిన డబ్బా మీద అది పెట్టి గీతలు చూపించాడు.

"బావా, ఈ ఎర్రగీత నీ కాలు. ఎంత తొక్కితే అంత పైకి లేస్తది. గీడ జూడు. ఎత్తు మొదలు గాంగనే కొంచెం కిందికొచ్చింది. మల్ల లేచింది. రెండో దినం గూడ గట్లనే."

"నేనేం కాలు తియ్యలే."

"తీసినవ్. వెంట్రుకవాసి."

సుందర్‌రాజ్‌కు ఒళ్లు మండింది. "ఏందిరా? నీ పని చెడగొట్టనీకి నేను కావాల్నని తీసిన్నంటవా? నా తాన నేర్చి నాకే దొంగతనం అంటగడ్తవా?"

"కావాల్నని ఎవరన్నరు బావా?" జాబెజ్ గొంతు పెంచలేదు. "ఇంజను ఎక్కిళ్లు వెట్టేటట్టున్నదని నీ చెవికి ముందే తెలుస్తది. చెవి చెప్తే కాలు ఆగుతది. నీకు గూడ తెల్వది. నువ్వు కాలు దీసినవంటే ఇంజను గా గడులల్లకు పోనే పోదు. పోని గడిని నేనెట్ల దిద్దాలె?"

"మరి నువ్వే నడుపు."

"నేను నడిపితే గూడ గట్లనే వస్తున్నది. నా కాలుకు నేర్పిందెవరు?" అని నవ్వాడు జాబెజ్. "సారేమో సాయంత్రందాంక రాడు. స్టేషన్ కాడ టాక్సీ అతన్ని ఎవర్నన్న పిలుద్దామనుకుంటున్న. బండి మీద మమత లేనోడు గావాలె."

సుందర్‌రాజ్ ఆ ఎర్రగీతనే చూస్తూ ఉండిపోయాడు. తన కాలు తనకు తెలియకుండా చేసిన పని అక్కడ కొండవాలులా కనిపిస్తోంది. నిజంగా చెవే ఆపిందా? లేక కడుపులో మంట ఆపిందా? మొదటిరోజు ఎత్తు ఎక్కుతూ తాను ఏమనుకున్నాడో గుర్తు చేసుకోబోయాడు. ఆ గీత అంత దూరం చెప్పలేదు. చెప్పగలిగేవాడు పైన ఒక్కడే ఉన్నాడు. ఆయన్ను అడగడానికి ధైర్యం చాలలేదు.

ఊరుకుంటే చాలు. సాయంత్రానికి తెల్లగుడ్డ విప్పొచ్చు. కారు మళ్లీ తన గుమ్మంలో నిలబడుతుంది.

"టాక్సీ అతను ఎందుకురా?" అన్నాడు చివరికి. "తాళం ఇటియ్యి. నేనే తొక్కుత."

ఎత్తు దగ్గరికి రాగానే పళ్లు బిగబట్టి తొక్కాడు. ఎర్రగీత మళ్లీ వంగింది. "ఆగింది బావా" అన్నాడు జాబెజ్. చుట్టు తిరిగి వచ్చి మళ్లీ తొక్కాడు. మళ్లీ అంతే. ఇంతకాలం సాకిన బండిని తెలిసి తెలిసి ఉక్కిరిబిక్కిరి చేయమంటే కాలు మొరాయిస్తోంది.

"ఇంజను ఇనవడ్తే నాతోని కాదురా" అన్నాడు సుందర్‌రాజ్. "పాట అందుకో."

"ఏం పాట?"

"మొన్న ఆదివారం ఆఖరుకు పాడిన్రు గద, గదే. గట్టిగ పాడు. నాకు ఇంజను ఇనరావొద్దు."

జాబెజ్ అందుకున్నాడు. గొంతు కీచుగా ఉన్నా కేక పెద్దది. సుందర్‌రాజ్ బొంగురు గొంతు కలిపాడు. ప్లానెటేరియం వైపు పోతున్న బడిపిల్లల ఆటో ఒకటి పక్కకు తప్పుకుంది. పిల్లలు తలలు బయటపెట్టి చప్పట్లు కొట్టారు. రెండో చరణం సగంలో సుందర్‌రాజ్ పాదం నేలకంటా దిగింది. కారు దబ్బున కుదిపింది. అతని తల ముందుకు ఊగింది.

"వచ్చింది! బావా, వచ్చింది! మల్ల తొక్కు!"

ఇద్దరూ మూడు చరణాలూ పూర్తిచేశారు. తర్వాత రోడ్డు పక్కన బండి ఆపి జాబెజ్ ఒళ్లో లాప్‌టాప్ పెట్టుకుని చూశాడు. పలక మీద నాలుగు గడుల్లో పెట్రోలు బాగా తక్కువగా ఉంది. ఇంతవరకు లాప్‌టాప్ పెట్టి నడిపినప్పుడల్లా ఈ ఇద్దరి కాళ్లూ ఇంజనును ఆ గడుల్లో అడుగుపెట్టనివ్వలేదు. ఆ నాలుగూ దిద్ది తలూపాడు. ఈసారి పాట లేకుండానే ఎక్కారు. సుందర్‌రాజ్ చెవికి ఇంజను గొంతు పట్టుబట్ట జారినంత మెత్తగా వినిపించింది. కాలు దానంతట అదే కిందికి పోయింది. దాన్ని ఆపాల్సిన అవసరం దేనికీ రాలేదు.

ఇది నాకు రాదు, అనుకున్నాడు. అనుకున్నప్పుడు నొప్పి కలిగింది. అయినా అబద్ధమనిపించలేదు.

సాయంత్రం అమరేశ్వరరావు నడిపి వచ్చి దిగారు. ముఖం వెలిగిపోతోంది.

"చూశావా సుందర్రాజూ! నీ బావమరిది ఎంత పనిమంతుడో! ఇక ఆ కార్బ్యురేటర్ నువ్వే ఉంచుకోవయ్యా."

ఆ మాట సూదిలా దిగింది. అయినా సుందర్‌రాజ్ తల ఊపాడు. "ఔ సార్. పనిమంతుడే."

"మా బావ పాట పాడిండు సార్. గందుకే అయింది" అన్నాడు జాబెజ్. ఆయనకు ఏమీ అర్థం కాక ఇద్దరినీ మార్చి మార్చి చూసి కారెక్కి వెళ్లిపోయారు.

సుందర్‌రాజ్ చేతులు కడుక్కుని చొక్కా మార్చుకున్నాడు. "దా" అన్నాడు.

"యాడికి?"

"దా అంటున్న గద."

మొజంజాహీ మార్కెట్ రాతి తోరణాల కింద ప్లాస్టిక్ కుర్చీల్లో జనం కిటకిటలాడుతున్నారు. సీతాఫలాల కాలం. సుందర్‌రాజ్ ఐస్‌క్రీం తెచ్చి జాబెజ్ ముందు పెట్టాడు. తనకు తెచ్చుకోలేదు. ఉస్తాద్ తినడు, చూస్తాడు. అది గఫార్ భాయ్ పద్ధతి.

జాబెజ్ కప్పు వైపు చూశాడు. వెంటనే చెంచా ముట్టలేదు.

"నీళ్ల గ్లాసు తొణకలేదు గద బావా ఆ దినం" అన్నాడు మెల్లగా.

"తొణకలే."

"నువ్వు స్క్రూ కుడికి పావు చుట్టు తిప్పినవ్. మల్ల ఎడమకు పావు చుట్టు తిప్పినవ్. నేను జూసిన."

సుందర్‌రాజ్‌కు చెవుల దాకా వేడెక్కింది. ఇన్నేళ్లలో, ఆ బెంచీ మీద పక్కనే కూర్చున్నప్పుడు కూడా, ఒక్క మాటైనా అనలేదు వీడు.

"కరుగుతున్నది," అన్నాడు, "తినురా మేస్త్రీ."

జాబెజ్ తినసాగాడు. చెంచా కప్పు అడుగు తాకేదాకా సుందర్‌రాజ్ చూస్తూ కూర్చున్నాడు.