తాడు విప్పేవాడు

మా తమ్ముడికి ఓడంటే పిచ్చి. నాన్న ఓడ మీదే పోయినా వాడికి బుద్ధి రాలేదు. మీసాలు రాకముందే సరుకుల ఓడలో చేరాడు. డెక్కు కడిగాడు, తాళ్ళు పేనాడు, చివరికి కళాసీలకి పెద్ద, సరంగయ్యాడు. సెలవుకి ఇంటికొస్తే తలుపు గడియకి కూడా ముడి వేసేవాడు. అది విప్పలేక నేను తిట్టని తిట్టు లేదు.

యుద్ధం మొదలైన మరుసటి ఏడు వాడి ఓడకి టార్పెడో తగిలింది. కొన్నాళ్ళు పడవలో కొట్టుకుపోయి, ఎవరో చూసి రక్షిస్తే ఇల్లు చేరాడు. మణికట్ల చుట్టూ, వేళ్ళ సందుల్లో ఉప్పునీటి పుండ్లు. అమ్మ రోజూ మందు రాస్తుంటే వాడు గొప్పలు పోయేవాడు.

"ఓడ మంచిదమ్మా, తొందరపెట్టదు. మునగడానికి ఒక పూట తీసుకుంది. అందర్నీ పడవలోకి దించి, తాడు విప్పి, ఆఖర్న నేను దిగాను. సరంగు పనే అది."

అమ్మ మందు డబ్బాకి మూత పెట్టి, వాడి చెయ్యి లాక్కుని తన తల మీద పెట్టుకుంది. "ఇక ఓడెక్కనని ఒట్టెయ్యి. మీ నాన్నని ఇచ్చాను, చాలు."

ఒట్టేశాడు. పుండ్లు మానగానే వెళ్ళి వైమానిక దళంలో చేరాడు.

"ఓడెక్కనన్నాను గానీ, విమానం ఎక్కనన్నానా?" అని నవ్వితే వాడి చెంప పగలగొట్టాలనిపించింది. అమ్మ మాత్రం ఊపిరి పీల్చుకుంది. విమానాలు ఊళ్ళ మీదా పొలాల మీదా తిరుగుతాయని ఆవిడ నమ్మకం. నిజం నాకొక్కదానికే చెప్పాడు. ఏ ఓడ మనదో ఏది శత్రువుదో పైనుంచే పోల్చగలడని వాడిని సముద్రం మీద గస్తీకే వేశారట.

చలికాలం చివర్లో తంతి వచ్చింది. చనిపోయాడని ఉంది, ఎక్కడన్నది లేదు. విమానం కొండని గుద్దుకుందట అని అమ్మకి చెప్పేశాను. ఆవిడ ఏడ్చింది గానీ ఇంకేమీ అడగలేదు.

కొన్ని వారాలకి వాడి విమానం నడిపిన పైలట్ మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చాడు. మెట్ల మీదే ఆపేశాను.

"నీళ్ళ మాట ఎత్తకండి. కొండని గుద్దుకుందని చెప్పాను. నాన్నలాగే పోయాడని తెలిస్తే ఆవిడ తట్టుకోలేదు."

పాపం, మంచివాడు. వంటింటి బల్ల దగ్గర టోపీ ఒళ్ళో పెట్టుకుని పొగమంచు గురించి, కొండ గురించి, నొప్పి తెలియని చావు గురించి చెప్పాడు. ఎంత బాగా చెప్పాడంటే, కాసేపు నేనూ నమ్మాను. అమ్మ టీ పోసింది. కప్పు అందుకోబోతే అతని చొక్కా చెయ్యి పైకి జరిగింది.

అమ్మ లేచి అలమరలోంచి ఆ మందు డబ్బా తెచ్చింది. అతని చెయ్యి పట్టుకుని మణికట్టుకి రాయసాగింది.

"ఇవి కొండ మీద వచ్చే పుండ్లు కాదు బాబూ," అంది. "పడవలోకి ఎంతమంది ఎక్కారు?"

పైలట్ నా వైపు చూశాడు. నేను ముఖం తిప్పుకున్నాను.

"ముగ్గురమమ్మా. విమానం సముద్రంలో పడ్డాక, రబ్బరు పడవ గాలికి కొట్టుకుపోకుండా రెక్కకి కట్టి, మమ్మల్ని ఒక్కొక్కరినే అందులోకి దించాడు. తాడు కోసేసి దూకెయ్ సరంగూ అని అరిచాను. 'మంచి తాడు, కొయ్యడం దేనికి? ఇంకా టైముంది' అని రెక్క మీద తీరిగ్గా విప్పుతూ కూర్చున్నాడు. ముడి ఊడింది, మా పడవ ఇవతలికి వచ్చింది. అంతలోనే రెక్క తిరగబడింది. విమానం ఓడలా ఆగదమ్మా."

తాడు మీద, వాడి మీద, వాడి పనితనం మీద నాకు ఒళ్ళు మండిపోయింది.

"అవును, ఓడైతే ఆగేది," అంది అమ్మ. "ఒట్టు పెట్టించి ఓడ దింపింది నేనే."

తర్వాత అతని రెండో చెయ్యి కోసం చెయ్యి చాపింది.