నీలి పెన్సిల్ గీతలు

శ్రీనిధి మీద నాకు అసూయ ఎప్పుడు మొదలైందో తేదీతో సహా చెప్పగలను. పోయిన నెల రెండో ఆదివారం, మధ్యాహ్నం. అంతకుముందు ఆమె ఇంగ్లీషు మీదా, కత్తిరించుకున్న జుట్టు మీదా కొంచెం కొంచెం ఉండేది. అది లెక్కలోకి రాదు.

మాది సిరవార దగ్గర కాలువ కింద క్యాంపు. తాతల కాలంలో గుంటూరు వైపు నుంచి వచ్చి ఇక్కడ వరి వేసుకున్నవాళ్లం. ట్రాక్టరు సామాను ఏది కావాలన్నా నాన్న రాయచూరులో పాండురంగయ్య శెట్టిగారి దుకాణానికే వెళ్తాడు. ఆదివారమైతే నన్నూ బస్సెక్కిస్తాడు. నాన్న కింద బేరింగులు ఏరుకుంటుంటే నేను మేడ మీది గదిలోకి వెళ్తాను. ఆ గది కోసమే రెండేళ్లుగా ఆదివారాలకు ఎదురుచూస్తున్నాను.

శెట్టిగారు చిన్నప్పుడు ‘రోదసి బాల’ అనే బొమ్మల కథల మాసపత్రిక చదివేవారట. అన్నీ రాకెట్లు, మరమనుషులు, శని గ్రహం చుట్టూ తిరిగే చందమామల మీద మకాంలు. విజయవాడలో ఆ పత్రిక మూతపడినప్పుడు అసలు బొమ్మల్ని చిత్తుకాగితాల కింద అమ్మేస్తున్నారని విని, ఈయన లారీ ఎక్కి వెళ్లి ఒక కట్ట తెచ్చుకున్నారు. తర్వాత ఎవరి దగ్గర ఉన్నాయని తెలిసినా వెళ్లి కొనుక్కున్నారు. అసలు బొమ్మలంటే పుస్తకంలో అచ్చయినవి కాదు. చిత్రకారుడు తన చేత్తో అట్ట మీద గీసినవి. పుస్తకంలో అరచేయంత ఉన్న బొమ్మ అట్ట మీద చాటంత ఉంటుంది. నల్లసిరా ఎక్కడ చిక్కగా పడిందో, కుంచె ఎక్కడ ఎండిపోయి గరుకుగా సాగిందో తెలుస్తుంది. పొరపాటు జరిగిన చోట తెల్లరంగు పూసి మళ్లీ గీసి ఉంటుంది. మాటల బుడగలు వేరే కాగితం మీద రాసి అతికించి ఉంటాయి.

ఇవన్నీ శెట్టిగారే చూపించారు. నేనేమీ అడగను. అడగబోతే మాట గొంతు దగ్గరే ఆగిపోతుంది. చూసినదంతా ఇంటికెళ్లి డైరీలో రాసుకుంటాను.

ధర్మతేజ అనే ఆయన గీసిన ఒక అట్టంటే నాకు ప్రాణం. మూడు గళ్లు. మొదటి గడిలో రాకెట్ మంట. రెండో గడిలో మంచు నేల మీద ఒక్కటే నిలబడ్డ మరమనిషి. మూడో గడిలో రాకెట్ కిటికీలోంచి కెప్టెన్ వాసంతి ముఖం. మరమనిషిని అక్కడే వదిలేసి ఆమె భూమికి వెళ్లిపోతోంది. సిరా గీతల కింద లేతనీలం పెన్సిల్ గీతలు సన్నగా కనిపిస్తాయి.

“ఈ నీలం అచ్చుకు ఫొటో తీసే కెమెరాకు కనపడదు బిడ్డా,” అని ఒకసారి శెట్టిగారు చెప్పారు. “అందుకే తుడవకుండ ఇడిసిపెట్టేటోళ్లు. ఆయన మొదలు ఏమనుకున్నడో, తర్వాత ఏం మార్చుకున్నడో గీ గీతలల్లనే ఉంటది. తెలిసినోడు ముందు గివ్వే చూస్తడు.”

ఆ రోజు ఆయన మనవరాలు శ్రీనిధి ఇంట్లో లేదు, ట్యూషన్‌కు వెళ్లింది. నా వయసే. అయినా ఇంట్లో ఉన్న రోజున కూడా ఈ అట్టల దగ్గర పది నిమిషాలు కూర్చోదు.

పోయిన నెల రెండో ఆదివారం శెట్టిగారు మా ఇద్దరినీ కూర్చోబెట్టి చెప్పారు. బెంగళూరులో పాత బొమ్మల కథల అసలు చిత్రాలు ప్రదర్శనకు పెడుతున్నారట. ధర్మతేజ అట్ట పంపమన్నారట. దాని పక్కన నిలబడి వచ్చినవాళ్లకు చెప్పడానికి ఒక మనిషి కావాలట. ఆ మనిషి నేనే కావాలనుకున్నాను.

“నేను పోతా తాతా!” అంది శ్రీనిధి. “ఇంగ్లీషుల చెప్త, కన్నడల చెప్త!”

“చెప్తవులే. నీకు నోరొక్కటి మస్తుగ ఇచ్చిండు దేవుడు,” అని నవ్వి, శెట్టిగారు నా వైపు తిరిగారు. “తిరుపతమ్మా, నీకు సంగతి తెలుసు గానీ, నువ్వు నోరు తెరిస్తే గద!”

అప్పుడైనా తెరవలేదు. బస్సులో నాన్న, “ఏంటమ్మా, మొహం అలా ముడుచుకున్నావ్? చెరుకురసం ఇప్పించలేదనా?” అన్నాడు. ఏం లేదన్నాను. కల్లూరు దాటేదాకా కిటికీలోంచి చూస్తూ, బెంగళూరులో ఆ అట్ట పక్కన నిలబడ్డ శ్రీనిధిని రకరకాలుగా ఊహించుకున్నాను. ఏ ఊహలోనూ ఆమె తడబడలేదు. అదే బాధ.

మొన్న ఆదివారం మేడ మీదికి వెళ్లేసరికి అట్ట కవరులోంచి బయటికి తీసి బల్ల మీద పెట్టి ఉంది. సాయంత్రం ఫ్రేము కట్టే మనిషి వస్తాడట. శ్రీనిధి చేతిలో రబ్బరు ఉంది.

“రా రా, మౌనవ్రతం! గీ గీతలు చూడు, ఎంత గలీజుగున్నయో. మా సైన్స్ రికార్డుల పెన్సిల్ తుడవకుంటే మిస్సు రెండు మార్కులు కోస్తది. బెంగళూరోళ్ల ముంగట తాత ఇజ్జత్ పోదూ?”

మా బడిలోనూ అంతే. సిరా ఆరాక పెన్సిల్ గీత ఒక్కటి కనబడ్డా రికార్డు విసిరికొడతారు. మా ఇద్దరి చేతులకూ అలవాటైన పనే అది.

వద్దంటే సరిపోయేది. ఒక్క మాట. నోరు తెరిచాను కూడా. అప్పుడే కుర్చీ మీద కవరులో మడతపెట్టి ఉన్న కొత్త డ్రెస్సు కనబడింది. బెంగళూరు కోసం కొన్నది. నోరు మూసుకున్నాను.

ఆమె మరమనిషి దగ్గర మొదలుపెట్టింది. సిరాలో ఆ మరమనిషి చేయి ఒంటికి ఆనుకుని వేలాడుతుంది. నీలంలో మాత్రం ముందుకు చాచి ఉండేది. రబ్బరు కింద ముందు మోచేయి పోయింది, తర్వాత వేళ్లు. ఒక్కో వేలూ పోతుంటే లెక్కపెట్టాను. ఉన్నదున్నట్టు రాయాలంటే, బాధతోపాటే చల్లగా కూడా అనిపించింది. తుడవనీ. ఈమెకు ఏమీ తెలియదని అందరికీ తెలియనీ.

మూడో గడి కూడా తుడిచి, ఉఫ్ అని ఊది, “ఇప్పుడు చూడు, కొత్తదాని లెక్కుంది!” అంది.

శెట్టిగారు పైకి వచ్చారు. అట్ట చూశారు. కళ్లజోడు తీసి పంచెతో తుడుచుకుని మళ్లీ చూశారు.

“ఎవరు?”

“నేనే తాతా. నీట్‌గ చేసిన.”

“నీట్‌గ చేసినవ్,” అని ఆయన కుర్చీలో కూలబడ్డారు. తర్వాత నెమ్మదిగా ఆ నీలం గీతలంటే ఏమిటో ఆమెకు చెప్పారు. వింటూంటే శ్రీనిధి ముఖం పాలిపోయింది. ఆయన నా వైపు తిరిగారు.

“తిరుపతమ్మా, నువ్వు గిక్కడనే ఉన్నవు గద. చెప్పకపోతివా?”



“ఆమెనేమనకు తాతా,” అంది శ్రీనిధి ఏడుపు ఆపుకుంటూ. “ఆమెకేం తెలుసు పాపం, క్యాంపు పిల్ల. నాకే తెల్వదు, ఆమెకెట్ల తెలుస్తది?”

నన్ను కాపాడటానికే అంది. ఆ మాట చాటున ఊరుకుంటే నాకేమీ కాదు. వచ్చే ఆదివారం మామూలుగా వచ్చి అట్టలు చూసుకోవచ్చు. కానీ ‘ఆమెకేం తెలుసు’ అన్నది చెవిలో నిప్పులా పడింది. బెంగళూరు ఆమెదే, అట్ట ఆమెదే, తాత ఆమెవాడే. నాకున్నది తెలియడం ఒక్కటే.

“నాకు తెలుసు,” అన్నాను.

ఇద్దరూ నా వైపు చూశారు.

“తెలిసే ఊరుకున్నానండి. మొదటి గీత దగ్గర్నుంచీ చూస్తానే ఉన్నాను. బెంగళూరు తను వెళ్తందని.”

నిజాయితీ కాదది. తెలివిలేనిదాన్ననిపించుకోవడం కన్నా చెడ్డదాన్ననిపించుకోవడమే నయమనిపించింది, అంతే.

“అబ్బా! ఎంత కడుపుమంటనే నీకు!” అంది శ్రీనిధి. “నోరు లేదనుకుంటి.”

శెట్టిగారు తిట్టలేదు. అట్టను నా వైపు తిప్పి, “ఏం పోయింది? యాదికుందా?” అని అడిగారు.

“చెయ్యి చాచి ఉండేదండి. ఐదు వేళ్లు కాదు, మూడే. మధ్య వేలు గడి గీత దాటి బయటికొచ్చింది, రాకెట్ వైపు. కెప్టెన్ మొహం ముందు వెనక్కి తిప్పి గీశారు, దాని వైపు చూస్తన్నట్టు. తర్వాత ఇటు తిప్పేశారు. మెడ దగ్గర రెండు గీతలు అలాగే ఉండిపోయినయ్. ఆయనకి ముందు వాళ్లని విడదియ్యాలని లేదండి. తర్వాత మనసు గట్టి చేసుకున్నారు.”

అంత పొడుగ్గా నేనెప్పుడూ మాట్లాడలేదు. “రాసుకో,” అన్నారాయన శ్రీనిధితో. “గీతలుండె, మా ఇంట్ల పోయినయి అని ఉన్నదున్నట్టు చెప్పాలె.”

“ఆమెనే పోనియ్ తాతా,” అంది శ్రీనిధి ముఖం తిప్పుకుని.



“తుడిచింది నువ్వు, జవాబు చెప్పాల్సిందీ నువ్వే. ఇగ ఈమెనా...” ఆయన నా వైపు చూడలేదు. “పోతుంటే చూస్త కూసున్నదాన్ని, దానికి కాపలా ఎట్ల పెట్టాలె?”

శ్రీనిధి రాసుకున్నది ఒకసారి పైకి చదివింది. “మరమనిషి రాకెట్‌ను ఆపాలని చెయ్యి చాచింది...” దాదాపు నా మాటలే. ఆమె గొంతులో ఇంకా బాగున్నాయి. శెట్టిగారు కళ్లు మూసుకుని తల ఊపారు. ఆ తల ఊపు నాకు రావాల్సింది. కింద నుంచి నాన్న బస్సు వేళయిందని కేకేస్తున్నాడు.

“ఆపాలని కాదు,” అన్నాను ఎవరూ అడగకుండానే. “ఆపాలంటే అరచెయ్యి ఎదురుగా పెడతారు. దాని అరచెయ్యి పైకి ఉంది. తననీ తీసుకెళ్లమంటోంది. రాసుకో.”

శ్రీనిధి నా వైపు చూడకుండా కొట్టేసి రాసుకుంది.