బకెట్టుకి ఒక్క మూత

నేను ఒక చిన్న మూతను. పిల్లల జ్వరం మందు సీసా మీద బోర్లించి అమ్ముతారే, ఆ కొలత మూతను. ఒంటి మీద రెండు గీతలుంటాయి. నన్ను పోత పోసిన యంత్రం రోజూ నాలాంటివాటిని కుప్పలుగా రాల్చేది. అందరికీ అవే గీతలు. ఎంత పొయ్యాలో చెప్పడానికే మేము పుట్టాం. ఎవరు పోశారో, ఎప్పుడు పోశారో చెప్పే గీత మాకు లేదు.

సామర్లకోటలో ఒక మేడింటికి వచ్చాను. ఆ ఇంట్లో ఇద్దరు తోడికోడళ్ళు. పెద్దామె లోవలక్ష్మి, చిన్నామె శేషారత్నం. శేషారత్నం కొడుక్కి జ్వరం వస్తే ఇద్దరూ వంతులు వేసుకుని కూర్చునేవారు. నన్ను ముట్టుకునే ముందు ఒకరినొకరు తప్పకుండా అడిగేవారు.

“అక్కా, మందు పోసేవా?”

“పోసేనే. నువ్వు మళ్ళీ పోసేవంటే ఆడు ఎల్లుండి దాకా లేవడు.”

మందు అయిపోయింది, సీసా పోయింది, నేను మిగిలాను. వాళ్ళ అత్తగారు చిట్టెమ్మ నన్ను శుభ్రంగా కడిగి మేడ మీదికి తీసుకుపోయింది.

అక్కడ ఆవిడకి కుండీల తోట ఉంది. నారింజ తొక్కలు, బెల్లం, నీళ్ళు కలిపి మూడు నెలలు పులియబెట్టిన ఎంజైము ఒక పెద్ద డబ్బాలో ఉండేది. కుళాయి నీళ్ళు మాత్రం నేరుగా ఏ మొక్కకీ పోసేది కాదు. వెడల్పాటి తొట్టిలో పట్టి రోజంతా ఎండకి వదిలేసేది. బ్లీచింగు వాసన ఎగిరిపోయాక, బకెట్టు నీళ్ళలో నాతో ఒక్క మూత ఎంజైము కలిపేది. అదీ ఆదివారం మాత్రమే.

“బ్లీచింగు తగిలితే ఎంజైములో ప్రాణం పోతాది. ఎంజైము ఎక్కువైతే మొక్క ప్రాణం పోతాది,” అని కోడళ్ళకి చెప్పేది.

ఆవిడ ప్రాణమంతా ఒక సంపెంగ మీద ఉండేది. తనే అంటు కట్టి పెంచింది. మూడో ఏట మొగ్గ తొడిగింది. “మిగతా పువ్వులన్నీ దేవుడికే. మొదటిది మాత్రం నా ముక్కుకి,” అంది. ఆ వారమే మెట్ల మీద జారి తుంటి విరగ్గొట్టుకుంది. మంచం మీదనుంచే సంపెంగను కోడళ్ళిద్దరికీ అప్పగించింది. ఒక్కరికే అప్పగించి ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనుకుంటాను.

ఒకనాడు చుట్టాలొచ్చారు. ఎండలో పెట్టిన తొట్టి నీళ్ళతో శేషారత్నం గిన్నెలు కడిగేసి, మళ్ళీ కుళాయి నీళ్ళు నింపి ఊరుకుంది. లోవలక్ష్మి తొట్టి మీదికి వంగి వాసన చూసింది.

“మీ పుట్టింట్లో చెరువు నీళ్ళే కదా. బ్లీచింగు కంపు నీ ముక్కుకెలా తెలుస్తాది?”

“అవునక్కా, మీ పుట్టింటి ముందు కుళాయుంది. దాని కాడ బిందెలెట్టుకుని దెబ్బలాడే నీకింత నోరొచ్చింది.”

అంతే. వంట ఆగలేదు, వడ్డన ఆగలేదు. మాటలొక్కటే ఆగిపోయాయి.

ఆదివారం పొద్దున్న లోవలక్ష్మి వచ్చి సంపెంగకి ఒక మూత పోసింది. సాయంత్రం శేషారత్నం వచ్చి ఇంకో మూత పోసింది. “మారాణీ గారికి మెట్లెక్కడానికి తీరికెక్కడ,” అని గొణిగింది. డబ్బా పెద్దది, తరుగు కనపడదు. పొద్దున్న ఒకరు పోశారని చెప్పగలిగింది నా అడుగున మిగిలే తడి ఒక్కటే. అది మధ్యాహ్నం ఎండకి ఆరిపోయేది.

ఆకుల అంచులు మాడాయి. అవతలి మనిషి పట్టించుకోక మొక్కకి బలం చాలడం లేదని ఇద్దరూ అనుకున్నారు. ఆదివారం కాస్తా రోజు మార్చి రోజయింది. ఒక మూత రెండయింది. కలిపే నీళ్ళకి బకెట్టు పోయి చెంబు వచ్చింది. ఇంత శ్రద్ధ ఆ మేడ మీద ఏ మొక్కకీ దక్కలేదు. మొగ్గలు నల్లబడి రాలాయి. అత్తగారు అడిగితే మాత్రం ఇద్దరూ చెరో గదిలోంచి ఒకే మాట చెప్పేవారు. “బానే ఉందత్తయ్యా.”

తుంటి కాస్త అతికాక చిట్టెమ్మను కొడుకులు కుర్చీలో కూర్చోబెట్టి మేడ మీదికి మోసుకొచ్చారు. ఆవిడ మోడును చూసింది. కుండీలో మట్టి చిటికెడు తీసి వాసన చూసింది. పుల్లటి ఘాటు.

“ఇది నీళ్ళు లేక పోయింది కాదు. ఎవరు పోసేరు?”

“నేనే అత్తయ్యా, పొద్దుట పూట,” అంది లోవలక్ష్మి.

శేషారత్నం చటుక్కున తోడికోడలి వైపు తిరిగింది. “సాయంత్రం నేను.”

ఆవిడ తిట్టలేదు. తిట్టి ఉంటే కోడళ్ళిద్దరూ కొంత తేలికపడేవారు. కుండీలో రాలిన మొగ్గ ఒకటి ఏరి ముక్కు దగ్గర పెట్టుకుంది. మాడిన మొగ్గకి వాసనేముంటుంది? అయినా చాలాసేపు అలాగే పట్టుకుని కూర్చుంది. తరవాత, “దింపండిరా,” అంది. మళ్ళీ మేడ ఎక్కలేదు.

ఇప్పుడు తోడికోడళ్ళు మాట్లాడుకుంటున్నారు. ఆదివారం శేషారత్నం నన్ను చేతిలోకి తీసుకుని, మెట్ల వైపు తిరిగి అడుగుతుంది.

“అక్కా, పోసేవా?”

“లేదే, నువ్వే పొయ్యి.”

తక్కిన మొక్కలన్నీ పచ్చగా ఉన్నాయి. వాటికి పోశాక నన్ను ఖాళీ సంపెంగ కుండీ అంచు మీద బోర్లించి వెళ్ళిపోతుంది. నాలో మిగిలిన చుక్క మెల్లగా జారి ఆ మట్టిలో పడుతుంది.