వట్టి నీళ్లు

కిష్టవ్వ గాజు కుప్పెను కిటికీ వెలుతురుకు ఎత్తి పట్టుకుంది. లోపల నీళ్లు చుక్కలుగా నిలవకుండా పొరలా జారితే కుప్పె శుభ్రమైనట్టు. జారాయి. తర్వాతి కుప్పె వేళ్లకు పట్టు చిక్కలేదు. రెండు అరచేతుల మధ్య పెట్టి తిప్పింది.

ఆ ల్యాబు నాంపల్లిలో మెకానిక్ దుకాణాల పైన ఉంది. మొజంజాహీ మార్కెట్‌కు వచ్చే పళ్ల మీద పురుగుమందు ఉందేమో అక్కడ చూస్తారు. పండు కడిగిన నీళ్లను బంగారు నీళ్లలో కలిపి లేజర్ కింద పెడతారు. బంగారం కంటికి ఆనని రవ్వలుగా ఉంటుంది కాబట్టి ఆ నీళ్లు దానిమ్మ రసంలా ఎర్రగా ఉంటాయి. రవ్వలకు ఏది అంటుకున్నా, ఎంత కొంచెమైనా, వెలుతురు తగలగానే కంప్యూటర్ మీద దాని గీత లేస్తుంది. ఒక్కో పదార్థానిది ఒక్కో తీరు. పళ్లకంటే ముందు రోజూ, కడిగిన కుప్పెలో వట్టి నీళ్లు పోసి అలాగే చూస్తారు. గీత చదునుగా వస్తే కిష్టవ్వ బాగా కడిగినట్టు.

ఈ వారం చదునుగా రావడం లేదు.

కిష్టవ్వ వేళ్ల కణుపులు వాచి చాన్నాళ్లయింది. రెండు కుప్పెలు పగిలిన రోజు మేనేజర్ జగన్మోహనరావు, ఇంకోటి పగిలితే వేరే మనిషిని చూసుకుంటానన్నాడు. మొగుడు పోయాక హోటళ్లలో అంట్లు తోమి, ఇళ్లపని దగ్గర ఇటుకలు మోసి, చివరికి ఆమె సంపాదించుకున్న నీడపట్టు పని ఇది.

దవాఖానలో డాక్టరు పచ్చ గోలీలు రాశాడు. ఆదివారం ఆదివారం ఒక్కటే అని రెండుసార్లు చెప్పాడు. వాడగా వాడగా వేళ్లు కొంచెం వంగాయి. వారానికి ఒక్కదానికే ఇంత వంగితే, రోజూ వేసుకుంటే పూర్తిగా వంగుతాయనుకుంది. పోయిన అమావాస్య నుంచి రోజూ వేసుకుంటోంది. గోలీ గొంతు దిగక, ఈ వారం నుంచి పొద్దున ల్యాబుకు రాగానే దాన్ని వేళ్లతో నలిపి చాయ్‌తో మింగుతోంది. ఆ వేళ్లకు గ్లౌజులు ఎక్కవు.

మధ్యాహ్నం డబ్బా విప్పి రెండు ముద్దలు తిని మూసేసింది. నోరు పూసింది. కారం తగిలితే ప్రాణం పోతోంది. అటెండరు పరశురాం చూశాడు.

"ఏందవ్వా, ఉపాసమా? పెండ్లిచూపులకు వస్తున్రా?"

"ఔ. నీ అసొంటోడైతే వద్దని చెప్పిన."

తిన్నాక భవ్యశ్రీ పిలిచింది. మిషను నడిపేది ఆ అమ్మాయే, గుంటూరు వైపు మనిషి. కంప్యూటర్‌లో ఉన్న గీతలతో పోల్చి చూసి, అంటుకున్నది ఏ మందో పట్టుకుంది.

"కిష్టవ్వా, కీళ్లనొప్పులకి మందు వాడుతున్నారా? నేనెవరికీ చెప్పనులెండి."

కిష్టవ్వ చేతులు కొంగులో దాచుకుంది. అద్దం తలుపు అవతల మేనేజర్ ఫోన్ మాట్లాడుతున్నాడు.

"అది వారానికి ఒక్కసారే వేసుకోవాలంట. మీరెప్పుడు వేసుకుంటున్నారు?"

రోజూ అంటే ఎందుకని అడుగుతుంది. చేతులు సాగడం లేదని చెప్పాల్సి వస్తుంది.

"ఐతారమే బిడ్డా. చెయ్యి సక్కగ కడుక్కోలే గావచ్చు. సారుకు చెప్పకు."

భవ్యశ్రీ నమ్మింది. వారమంతా వెతికిన తప్పు దొరికిన తేలికలో ఉంది. అది గురువారం.

నోరు పూసిన సంగతి పరశురాం చెబితే, భవ్యశ్రీ అతన్ని మొజంజాహీ మార్కెట్‌కు పంపి సీతాఫలం ఐస్‌క్రీమ్ తెప్పించింది. కిష్టవ్వ ఒక్క చెంచా నోట్లో పెట్టుకుని, అది కరిగేదాకా కళ్లు మూసుకుంది. మిగతాది రేపు తింటానని ల్యాబు ఫ్రిజ్‌లో పెట్టింది. అందులో తిండి పెట్టకూడదని నియమం పెట్టింది భవ్యశ్రీయే. ఆమే ఫ్రిజ్ తలుపు తెరిచి పట్టుకుంది.

శుక్రవారం కిష్టవ్వ రాలేదు. ఒళ్లు కాలిపోతుంటే గౌలిగూడలో ఆమె ఉండే ఇంటి ఓనరు నాగరత్నం ఆటోలో దవాఖానకు తీసుకుపోయింది. నోట్లో పుండ్లు చూసి, ఏం మందులు వాడుతుందని అక్కడ అడిగారు. నాగరత్నానికి తెలియదు. కిష్టవ్వ మాట్లాడే స్థితిలో లేదు. ఆదివారం పొద్దున పోయింది.

సోమవారం కుప్పెలు పరశురాం కడిగాడు. వట్టి నీళ్ల గీత చదునుగా వచ్చింది. భవ్యశ్రీ పోయిన వారం గీతలు తెరిచి ఒకదాని కింద ఒకటి పెట్టింది. నాలుగు రోజుల గీతల్లోనూ అదే మందు, అదే ఎత్తు. రోజంతా నీళ్లలో నానే చేతులకు ఆదివారం మందు గురువారం దాకా అంత ఎత్తున నిలవదు. ఆమె కుర్చీలోంచి లేవలేదు. పళ్ల నమూనాలు వచ్చాయని పరశురాం రెండోసారి చెప్పాక లేచి, బంగారు నీళ్ల కోసం ఫ్రిజ్ తెరిచింది.

పైన మంచు అరలో ఐస్‌క్రీమ్ డబ్బా గట్టిగా గడ్డకట్టి ఉంది. ఒక అంచున చెంచా పట్టేంత గుంట.