నాలుగో అంచు

అరకు సంతలో బొంతకి రాజులమ్మ చెప్పిందే ధర. లోయలో రైలు మాటే వినపడని రోజులవి. శృంగవరపుకోట నుంచి ఎడ్లబండిలో మొగుడి వెంట ఘాటెక్కి వచ్చి, మొగుడు పోయాక కూడా కొండ మీదే ఉండిపోయిన మనిషి. ఎవరి పాత చీరలు వాళ్ళే తెచ్చుకోవాలి. ఎంత పొడుగు కావాలో, ఎన్ని పొరలు కావాలో చెప్పుకోవాలి. పొరకింత, మూరకింత అని ఆవిడ లెక్క. డబ్బు లేనివాళ్ళు ఆ విలువకి చోళ్ళు కొలవచ్చు. రాగుల్ని అక్కడ అలాగే అంటారు. బేరం మాత్రం లేదు.

కిందటి వారమే కలప కాంట్రాక్టరు గుమాస్తా వరహాలరావు, పాతగుడ్డలకి ఇంత ధరేమిటని నవ్వి, సగం డబ్బులు చేతిలో పెట్టబోయాడు. ఆవిడ బొంత మడతపెట్టి, దానిమీద కూర్చుని, పక్కన పసుపుకొమ్ములు అమ్ముకునే కనకతో కబుర్లలో పడింది.

"గుడ్డలు మీవే బాబూ. నాను నా కళ్ళకీ సేతులకీ ధర సెప్పినాను" అంది చివరికి.

అతను పూర్తిగా ఇచ్చాకే లేచింది. ఇలాంటి మనిషి సంతకొకరున్నా చాలు, తక్కిన ఆడవాళ్ళు కూడా కాస్త నిటారుగా కూర్చుంటారు.

అంతటి రాజులమ్మ బుధు దగ్గర పప్పులో కాలేసింది.

బుధు పై ఊరి రైతు. తొలి కాన్పుకి పుట్టింటికొచ్చిన కూతురికి మగబిడ్డ పుట్టాడు. చనిపోయిన తన తల్లి చీరలు మూటకట్టి తెచ్చి, మనవడికి బొంత కుట్టమన్నాడు. ఎనిమిది కుంచాల చోళ్ళకి మాట అయింది. బొంత పూర్తయ్యేసరికి పుష్యమాసం చలి ముదిరింది. బుధు చోళ్ళ కావిడి మోసుకుంటూ సంతకొచ్చాడు. ఆ ఏడు కోతల వేళ వాన పడి పంట సగం చేలోనే మొలకెత్తిందని సంతంతటికీ తెలుసు. రాజులమ్మకి జాలేసింది.

"నాలుగే కొలు తమ్ముడూ. మిగతాది ఇంటికి అట్టుకుపో" అంది.

బుధు కావిడి మళ్ళీ భుజానికెత్తుకుని, బొంత వంక చూడకుండానే వెళ్ళిపోయాడు.

రాజులమ్మకి ఒళ్ళు మండింది. జాలిపడితే ఇదా మర్యాద అని గొణుక్కుంది. కనకది బుధు ఊరే. పసిబిడ్డకి కప్పే మొదటి బొంతని తమ ఊళ్ళో పూర్తి ధర పెట్టే తెస్తారని, ఎవరైనా తగ్గించి ఇస్తే ఆ తగ్గించినంత మేర బిడ్డ వాళ్ళ ఇంటివాడవుతాడని ఆమె నెమ్మదిగా విప్పి చెప్పింది.

"సగానికి ఇత్తానన్నావు. గుంటడిలో సగం అడిగినట్టే కదప్పా" అంది.

రాజులమ్మకి వరహాలరావు నవ్వు గుర్తొచ్చి సిగ్గేసింది. అతనిలాగే తానూ సగమే అంది, అదీ అడక్కుండా. పైన ఆ పసివాడు ఏ గోనెపట్టా కింద వణుకుతున్నాడో అని ఆ పూట అన్నం సయించలేదు.

మర్నాడు బొంత నెత్తిన పెట్టుకుని కొండెక్కింది. బుధు ఇంటి అరుగు మీద అతని భార్య ముక్త, మనవణ్ణి తన కొంగులో చుట్టి కూర్చుని ఉంది. రాజులమ్మ ఇరుగుపొరుగు వినేలా గొంతెత్తింది.

"ఎనిమిది కుంచాలు. గింజ తగ్గినా బొంత ఇయ్యను."

బుధు ముఖం వెలిగింది, అంతలోనే వాడిపోయింది. సంత నుంచి తిరిగొస్తూ పాత అప్పుకింద రెండు కుంచాలు కొలిచేశాడట. ఇంట్లో ఆరే ఉన్నాయి. తగ్గించమని అతను అడగడు, తగ్గిస్తానని ఆవిడ అనకూడదు. బొంత ఇద్దరి మధ్యా అరుగు మీద ఉండిపోయింది.

రాజులమ్మ కాసేపు దాన్ని తడుముతూ కూర్చుంది. ఆ తర్వాత బొడ్లోంచి సూదీ దారమూ తీసి, ఒక పక్క అంచు కుట్టంతా విప్పేసి, సూది ముక్త చేతికిచ్చింది.

"ఈ అంచు నువ్వు కుట్టు. దీని కూలి రెండు కుంచాలు. జాలేటీ కాదు, నాను కుట్టినా అంతే."

ముక్తది అడ్డాకుల విస్తళ్ళు కుట్టిన చేయే గానీ సూది పట్టిన చేయి కాదు. ఒక కుట్టు తూర్పుకి పోతే ఇంకోటి పడమరకి పోయింది. రాజులమ్మ చేతులు దురదపెట్టాయి. రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని, నోరు మూసుకుని కూర్చుంది. ఆవిడ జన్మలో అంత కష్టమైన పని ఇంకోటి చేయలేదని నా నమ్మకం.

అంచు పూర్తయ్యాక బుధు ఆరు కుంచాలూ కొలిచాడు. ముక్త బొంత కప్పగానే పసివాడు ఒకసారి కాళ్ళు తన్నుకుని నిద్రపోయాడు. బుధు ఇంట్లోకి వెళ్ళి, అడుగున మిగిలిన చోళ్ళు గుప్పెడు తెచ్చి, కొలిచినవాటి మీద వెయ్యబోయాడు. రాజులమ్మ అతని మణికట్టు పట్టుకుంది.

"ఎక్కువొద్దు తమ్ముడూ. అది తీసుకుంటే మీ లెక్కన నాను మీ ఇంటిదాన్నయిపోనా?"

"అవుతావు మరి" అన్నాడు బుధు. చేయి వెనక్కి తీసుకోలేదు.

ఆరు కుంచాలూ బుధు కావిట్లో కొండ దిగాయి. ఆ గుప్పెడు మాత్రం రాజులమ్మ తన కొంగునే ముడివేసుకుంది.