నోరుండగా పంపెందుకన్నారు

నేను ఒక బ్యారెల్ పంపుని. పిడి పట్టుకుని తిప్పితే డ్రమ్ములోని డీజిల్‌ని పైకి లాగి, గొట్టం గుండా మీరు చెప్పిన చోట పోస్తాను. చూడ్డానికి గొప్పగా ఏమీ ఉండను. పోత ఇనుము ఒళ్లు, వంకర పిడి, డ్రమ్ము అడుగుదాకా దిగే ఒంటికాలు. అయినా నన్ను తక్కువగా చూసినవాళ్లని మాత్రం మర్చిపోను. అది నా గుణం, ముందే చెప్పేస్తున్నాను.

నేను పుట్టింది కోయంబత్తూరులో. కాగిన ఇనుమును ఇసుక అచ్చులో పోసి, చల్లారాక సానబట్టి, నీలం రంగు పూశారు. లోపలి రెక్కలు అమర్చిన పెద్దాయన నన్ను ఒకసారి తిప్పి చూసి తృప్తిగా తలూపాడు. నాకు దక్కిన మొదటి మర్యాద అది. తర్వాత చాలా ఏళ్లు ఇంకోటి దక్కలేదు. నరసాపురంలో ఒక ఐసు ఫ్యాక్టరీ వాళ్లు నన్ను కొన్నారు. అక్కడ నన్ను తిప్పినవాళ్లందరూ తిప్పుతున్నంతసేపూ ఎవరినో ఒకరిని తిట్టుకునేవాళ్లు. యజమానినో, బావమరిదినో, కరెంటువాళ్లనో. చేతికి పిడి దొరికితే చాలు, మనుషులకి పాత కోపాలన్నీ గుర్తొస్తాయి. కొన్నాళ్లకి ఫ్యాక్టరీ మూతపడి, నేను పాలకొల్లులో పాత ఇనుము కొట్టుకి చేరాను. విరిగిన కుర్చీల కింద పడి ఉండి, ఇక కరిగించి మేకులు చేసేస్తారని నిశ్చయించుకున్నాను.

అప్పుడు వచ్చింది మంగతాయారు. ఏదో బండికి చక్రాలు కావాలని వచ్చిన మనిషి నన్ను చూసి ఆగిపోయింది. నా కాలి కొసని అరచేత్తో మూసి, రెండో చేత్తో పిడి తిప్పింది. అరచెయ్యి చటుక్కున అతుక్కుపోయింది.

"ఊపిరుంది దీనికి," అంది.

ఆ మాటకి నేను ఆవిడ మనిషినైపోయాను.

వాళ్ల ఇంటి వెనకే రొయ్యల చెరువు. రొయ్యకి మేత కంటే ముందు గాలి కావాలి. ఏరియేటర్లని తెడ్ల చక్రాలుంటాయి, అవి పగలూ రాత్రీ నీళ్లని చిలుకుతూ ఉండాలి. కరెంటు పోతే జనరేటరు, జనరేటరుకి డీజిల్. ఈ డీజిల్ ఎక్కించడంలో ఆ ఇంటికి ఒక సంప్రదాయం ఉంది. తాయారు భర్త గంగాచలం క్యానుని ఎత్తుగా స్టూలు మీద పెట్టి, రబ్బరు గొట్టం నోట్లో పెట్టుకుని పీల్చేవాడు. డీజిల్ పెదాల దాకా రాగానే గొట్టాన్ని ట్యాంకులోకి వంచేవాడు. చుక్క కూడా నోట్లోకి పోనివ్వనని ఆయన గొప్ప. ఎంత పంచదార వేసినా టీ డీజిల్ వాసనే కొడుతోందని పెళ్లాం మీద విసుక్కునేదీ ఆయనే.

వరసగా రెండు పంటలు తెల్లమచ్చ తెగులుకి పోయాయి. గంగాచలం మనసు విరిగిపోయింది. చెరువు ఎవరికైనా వదిలేసి, ఇంకొకరి గట్టు మీద కాపలాకి పోతానన్నాడు. తాయారు ఒప్పుకోలేదు.

"ఈ ఒక్క పంటా నా చేతికి వదిలెయ్యండి. ఇదీ పోతే మీరెలా అంటే అలాగే," అంది.

అందుకే నేనూ, డ్రమ్మూ, చక్రాలూ. ముసురు పడితే కరెంటు రోజుల తరబడి రాదు, బంకుకి పోయే దారి మునిగిపోతుంది. డీజిల్ ఇంట్లోనే ఉండాలని ఆవిడ పట్టు. వంటింటికి దూరంగా రేకుల పాక వేయించింది. పక్కన ఇసుక బకెట్లు పెట్టింది. వెల్డింగు షాపులో నేలబారుగా ఒక బండి చేయించి, దాని మీద డ్రమ్ముని నిలబెట్టి, డ్రమ్ము నెత్తిన నన్ను బిగించింది. పక్కనున్న చిన్న మూత మధ్యలో సన్నటి బెజ్జం కూడా వేయించింది. డీజిల్ బయటికి వస్తుంటే ఆ ఖాళీలోకి గాలి పోవాలి గదా, లేకపోతే నేనెంత లాగినా దండగే. జనరేటరు దాకా బండి తోసుకుపోతే చాలు, మిగతాది నా పని.

గంగాచలం నా చుట్టూ ఒక ప్రదక్షిణ చేశాడు. "నోరుండగా పంపెందుకే? డబ్బులెక్కువై కాకపోతే!" అన్నాడు.

చెప్పాను గదా, నేను మర్చిపోను.

దసరా వచ్చింది. గంగాచలం తల్లి చెల్లాయమ్మ ఇంట్లో ఉన్న ఇనుమంతటికీ పూజ చేసింది. జనరేటరుకి చామంతి దండ, నా పిడికి గంధం. డ్రమ్ముకి బొట్టు ఎక్కడ పెట్టాలా అని కాసేపు వెతికింది. చిన్న మూత గుండ్రంగా, ముద్దుగా కనిపించింది. దాని మధ్యలో పసుపు ముద్ద అద్ది, ఆ పైన కుంకుమ దిద్దింది. ఇంత గౌరవం నా జన్మలో ఎరగను. పొంగిపోయాను.

దసరా వెళ్లీ వెళ్లగానే వాయుగుండం పట్టుకుంది. కరెంటు పోయింది. రోడ్డు మీద నీళ్లు నిలిచాయి. జనరేటరు నడిచి నడిచి ట్యాంకులో డీజిల్ అడుగంటింది. తాయారు సగం ఏరియేటర్లు ఆపేసి, వానలో తడుస్తూ భర్తతో కలిసి నన్ను తోసుకొచ్చింది. గంగాచలం పిడి అందుకున్నాడు. మొదట కాస్త పోశాను. తర్వాత ధార సన్నబడింది. తర్వాత ఏమీ లేదు. ఎంత తిప్పినా పిడి బరువెక్కుతోందే తప్ప చుక్క రాలేదు.

"చెప్పానా? పాతినుప ముక్కని తెచ్చి నెత్తినెట్టుకున్నావ్!" అని అరిచాడు గంగాచలం.

రొయ్య గట్టు వారకి వచ్చి తేలడం మొదలైంది. అలా తేలిందంటే నీళ్లలో గాలి అయిపోతోందని అర్థం. నాకు కారణం తెలుసు, డ్రమ్ములోకి గాలి ఆడటం లేదని అరవాలనుంది, నోరేది? నోరున్న మనిషేమో గొట్టంతో పీల్చడం వృథా అని తెలిసి రెంచీ తెచ్చాడు. డ్రమ్ము నేలబారున ఉంది, ట్యాంకు పైన ఉంది, ఎంత పీల్చినా ఎక్కదు.

"దీన్ని ఊడబీకి డ్రమ్ము ఒంచేస్తానెహె, క్యాను పట్టు!"

"అయ్ బాబోయ్, వద్దండీ! ఒలికి చెరువులోకి పోయిందంటే ఉన్న రొయ్య కూడా మిగల్దు," అని తాయారు డ్రమ్ముని వాటేసుకుంది.

అప్పుడే డ్రమ్ము పైరేకు 'డబ్'మని లోపలికి సొట్టపడింది. గొడుగు పట్టుకుని నిలబడ్డ చెల్లాయమ్మ ఉలిక్కిపడింది.

"ఇదేంటే తాయారూ, డొక్క పీక్కుపోతందేంటే దీనికి?"

తాయారు ఆ సొట్ట వైపు చూసింది. తర్వాత మూత వైపు చూసింది. పసుపు ముద్ద ఎండి రాయిలా బిగుసుకుని ఉంది.

"అత్తయ్యా, ఇక్కడ బొట్టు మీరే పెట్టారా?"

"నేనేనమ్మా. బెజ్జం బోసిగా ఉంటే బాగోదని నిండుగా పెట్టాను," అందా మహాతల్లి.

తాయారు గాజులకున్న పిన్నీసు లాగి పసుపులోకి గుచ్చి తిప్పింది. 'స్స్'మంటూ గాలి లోపలికి దూసుకుపోయింది. అమ్మయ్య! నా ప్రాణం లేచొచ్చింది.

"తిప్పండి!" అంది.

గంగాచలం తిప్పాడు. నేను పోశాను. కొత్తలో కూడా అంత బాగా పోసి ఉండను. జనరేటరు దగ్గి, తడబడి, గొంతు సవరించుకుని గట్టిగా అందుకుంది. ఆపేసిన ఏరియేటర్లు ఒక్కొక్కటే లేచి నీళ్లని చిలికాయి. గట్టున తేలిన రొయ్య మెల్లగా లోతుకి దిగింది. ముసురు వదిలేదాకా ముగ్గురూ వంతులేసుకుని నన్ను తిప్పారు. ఒక్కరు కూడా ఎవరినీ తిట్టుకోలేదు. చెల్లాయమ్మయితే తన వంతులో నాకు దణ్ణం పెట్టి మరీ తిప్పింది.

రొయ్య పట్టుబడి రోజున గట్టంతా సందడి. వలలు, ఐసు పెట్టెలు, తూకం కాటా. లావుగా, నిగనిగలాడుతూ ఎగిరిపడుతున్న రొయ్యలు. కొనుగోలుకి వచ్చిన కుర్రాడు ఒక రొయ్యని చేతిలోకి తీసుకుని, "భలే సైజొచ్చిందండీ, ఈ చుట్టుపక్కల ఎవరికీ మిగల్లేదు. రైతెవరండీ?" అని అడుగుతూ అలవాటుగా గంగాచలం వైపు తిరిగాడు.

గంగాచలం అలవాటుగా ఒక అడుగు ముందుకి వేశాడు. వేసి, ఆగాడు. వెనక్కి తిరిగి, మోకాళ్ల దాకా బురదలో నిలబడి వల లాగుతున్న భార్యని చూశాడు.

"రైతు అదిగోనండి, ఆవిడ. ఏం అడగాలన్నా ఆవిడనే అడగండి," అన్నాడు.

తాయారు వల వదలకుండానే తలెత్తింది. నడుముకి దోపిన కొంగుతో మొహం తుడుచుకుని, "వచ్చే పంటకి పక్క చెరువు కూడా తీసుకుంటన్నాం. రేటు సరిగ్గా చెప్పండి బాబూ!" అని గట్టుకి అటు చివర వినబడేలా కేకేసింది.