పద్నాలుగో దారి పొడవెంత

ఆయన పొద్దున్నే లేచి చేసే మొదటి పని సైకిలు టైర్లు నొక్కి చూడటం. రెండో పని, గాలి తగ్గిందని సణగడం. మూడో పని, గాలి కొట్టాక మరీ ఎక్కువైందని సణగడం. మొదటి సణుగుడు వినపడగానే ముందుగదిలో కుట్టుమిషను ఆగేది. "మొదలైంది" అని అత్తగారి గొంతు వినపడేది. మళ్లీ మిషను నడిచేది. ఇరవై ఏళ్లుగా ఆ ఇంట్లో తెల్లవారడం అంటే అదే. భార్య మాత్రం మూడో సణుగుడు అయ్యేదాకా టీ పెట్టేది కాదు. ముందే ఇస్తే టీకీ ఒక మాట పడుతుందని ఆవిడకి తెలుసు.

ఊళ్లో ఆయన్ని కొలతలాయన అంటారు. ఆ చుట్టుపక్కల కొండల్లో, అడవిలో, నది లోయలో ఉన్న కంకర దారులన్నీ సైకిలు మీద తొక్కడం, పొడవు కొలవడం, ఎక్కడ ఏటవాలు ఎక్కుడుందో ఎక్కడ తాగే నీళ్లున్నాయో రాసి పర్యాటక ఆఫీసుకి పంపడం ఆయన పని. ఆఫీసువాళ్లు వాటన్నిటినీ కలిపి పుస్తకం వేస్తారు. అది చదివి ఎక్కడెక్కడివాళ్లో లావు టైర్ల సైకిళ్లేసుకుని వచ్చి, ఆయన జీతానికి పడ్డ కష్టాన్ని సరదాకి పడి పోతారు. "లోకంలో అంతమంది వెర్రివాళ్లు ఉండబట్టే ఈ వెర్రివాడికి ఉద్యోగం" అని తనే అనుకునేవాడు. హ్యాండిల్ మీది మీటరు చూడాలంటే వంగాలి, వంగాలంటే పొట్ట ఒప్పుకోవాలి. ఆ పొట్టతో కొండలెక్కేవాడు ఇంకొకళ్ల వెర్రి గురించి మాట్లాడకూడదని కూడా ఆయనకి తెలుసు.

పద్నాలుగు దారుల్లో పదమూడు పూర్తయ్యాయి. పద్నాలుగోది గొంతులో ముల్లయి కూర్చుంది. అది అడవి గేటు దగ్గర మొదలై, చెట్ల మధ్య నుంచి కొండ దిగి, నది ఒడ్డున నీటిమట్టం చూసే గది దగ్గర ముగుస్తుంది. మధ్యలో 'గోడ' అనే ఏటవాలు ఒకటి. దిగేటప్పుడు ప్రాణం బ్రేకుల్లో ఉంటుంది, ఎక్కేటప్పుడు నోట్లోకి వస్తుంది.

ఆఫీసు నియమం చిన్నదే. దారిని రెండుసార్లు కొలవాలి. రెండు అంకెలకీ వంద మీటర్లకి మించి తేడా రాకూడదు. ఈ దారి మొదటిసారి ఇరవైరెండు కిలోమీటర్ల నాలుగు వందల మీటర్లు వచ్చింది. రెండోసారి ఇరవైఆరు వచ్చింది. మూడోసారి ఇరవైతొమ్మిది. నాలుగోసారి ముప్పైమూడు. మీటరు మార్చాడు. చక్రం మార్చాడు. చివరికి కళ్లజోడు కూడా మార్చాడు. అంకె మాత్రం ఆయన నడుము చుట్టుకొలతలాగా పెరుగుతూనే ఉంది.

"ఏవండీ, అది దారా, రబ్బరు బ్యాండా?" అన్నాడు రూట్ల ఆఫీసరు ఫోన్లో.

"నేనూ దాన్ని అదే అడుగుతున్నానండీ."

"శనివారం సాయంత్రం లోపల రెండు అంకెలు కలవాలి. కలవకపోతే ఆ లోయని పుస్తకంలోంచి తీసేస్తాం. మీ కాంట్రాక్టు కూడా దాంతోనే సరి."

ఆ మధ్యాహ్నం కొలతలాయన అడవి గేటు దగ్గర కూలబడి, కాపలావాడి ముందు తన గోడు వెళ్లబోసుకున్నాడు. కాపలావాడు తాళంచెవితో వీపు గోక్కుంటూ అంతా విన్నాడు.

"సార్, దారి మీద సణిగారా?"

"సణక్కుండా ఎలా తొక్కుతారయ్యా దాన్ని? ఎక్కుడు చంపేస్తోందన్నాను. గోడ దగ్గర దాన్ని వేసినవాణ్ని నాలుగు తిట్టాను. మామూలుగా మనిషి అనేవే అన్నాను."

"అదే మరి. అది వింటుంది. పాపం ఈయనకి కష్టంగా ఉన్నట్టుందని, ఎక్కుడు తప్పించి పక్కనుంచి చుట్టు తిరుగుతుంది. మీరు ఎంత సణిగితే అంత వాలు తగ్గుతుంది, అంత పొడుగు సాగుతుంది."

కొలతలాయనకి మండుకొచ్చింది. దారి వింటున్నందుకు కాదు. "ఆ ముక్క నాకెవరూ చెప్పలేదేం?"

"అందరికీ తెలుసు కద సార్! నిప్పు కాలుతుందని ప్రత్యేకంగా చెప్తామా? అందుకే మేం దాని మీద నోరెత్తం."

"మరి మొదటిసారి ఎందుకు సాగలేదు?" అన్నాడు గానీ, జవాబు తనకే తట్టింది. ఆ రోజు దవడపన్ను పీకించుకుని నోటి నిండా దూదితో వెళ్లాడు. సణగాలని ఎంతో ఉన్నా కుదరలేదు.

"సాగింది మళ్లీ మామూలుగా అవ్వాలంటే?"

"మెచ్చుకోండి. మెచ్చుకుంటే పొంగిపోయి నిటారుగా బిగుసుకుంటుంది. కానీ మనసులోంచి రావాలి. ఉత్త మాటలు దానికి తెలిసిపోతాయి."

మనసులోంచి మెచ్చుకోవడం! కొలతలాయన తన బతుకంతా వెతికి చూసుకున్నాడు. పెళ్లిలో ఫొటోగ్రాఫరు చెప్తే ఒకసారి నవ్వినట్టు గుర్తు.

ఇంటికొచ్చి ఇదంతా చెప్పాడు. భార్య "అయ్యో, మీకు తెలియదా?" అంది. అత్తగారు మిషను ఆపింది. మొదలైంది అనలేదు.

"అల్లుడూ, ముప్పైమూడా? అయితే గోడ ఎంత తగ్గింది?"

"సగం తగ్గింది. ఎందుకు?"

ఎందుకో ఇంట్లో అందరికీ తెలుసు. నీటిమట్టం గదిలో ఉండేది ఆవిడ చెల్లెలు. పొద్దునా సాయంత్రం నదిలోకి దిగి, రాతి స్తంభం మీద నీళ్లు ఏ గీత దాకా ఉన్నాయో చూసి పుస్తకంలో రాయడం ఆవిడ ఉద్యోగం. పోయిన వారం మెట్ల మీద జారి కుడిచేతి మణికట్టు విరగ్గొట్టుకుంది. ఎడమచేత్తో రాస్తే మూడు ఏదో ఎనిమిది ఏదో పైవాళ్లకి తెలియడం లేదు. ఇంకో వారం ఇలాగే ఉంటే అక్కడ నీటిమట్టం చూసే మిషను పెట్టి ఆవిణ్ని ఖాళీ చేయిస్తామన్నారు. సాయానికి మనిషిని పంపుతానని అత్తగారంటే వద్దంది. మొండితనం ఆ ఇంటి ఆడవాళ్లకి పాలతో పట్టించినది.

అక్కచెల్లెళ్లు కలిసి తొమ్మిదేళ్లయింది. రెండు పూటలా గీత చూడాలి కాబట్టి చెల్లెలు పైకి రాలేదు. లోయలోకి మోటారు బండ్లని వదలరు. అత్తగారి మోకాళ్లు గోడ దిగవు. బట్టలు చేరవేయడానికి ఆవిడకో మూడు చక్రాల సైకిలుంది గానీ, దాన్ని గోడ మీద వదిలితే నేరుగా నదిలోకే పోతుంది.

"నువ్వు ఇంకొంచెం సణిగితే నా సైకిలుకి సరిపోతుంది" అంది అత్తగారు.

"ఇరవై ఏళ్లు నోరు ముయ్యమన్నారు. ఇప్పుడు నోరు మూసుకుంటేనే నా ఉద్యోగం నిలుస్తుంది, ఇప్పుడు సణగమంటారా?"

ఆవిడ దారప్పోగు పంటితో కొరికి మళ్లీ మిషను తొక్కింది. తిట్టినా బాగుండేదనుకున్నాడు కొలతలాయన.

శనివారం పొద్దున నోట్లో దూది కుక్కుకుని గేటు దగ్గరికి చేరాడు. మాట పడకపోతే దారి ఇంతకంటే సాగదు, ముప్పైమూడూ ముప్పైమూడూ కలుస్తాయని లెక్క వేసుకున్నాడు. తీరా చూస్తే గేటు పక్కన మూడు చక్రాల సైకిలు ఉంది. బుట్టలో బట్టల మూట, కళ్లజోడు పెట్టె, రెండు పెన్నులు. అత్తగారు అల్లుడి వంక చూడలేదు. దారి వంక చూస్తోంది, బస్సు కోసం చూసినట్టు.

"ఎక్కడికి?" అనబోయాడు. దూది అడ్డొచ్చింది. బుట్టలోని పెన్నుల వంక చూశాడు. తర్వాత దూది తీసి కాలవలో పారేసి, గొంతు సవరించుకున్నాడు.

"అసలు దీన్ని దారి అన్నవాడెవడు! ఒళ్లు హూనం చేసే ఈ కంకరేంటి, ఈ గుంటలేంటి, మా అత్తయ్య మోకాళ్లంటే దీనికి లెక్కే లేదా!"

చెట్ల వెనక ఎక్కడో కంకర గలగలమంది. ఎదురుగా ఉన్న మలుపు మర్యాదగా పక్కకి జరిగింది.

ఇద్దరూ బయల్దేరారు. ముందు అల్లుడు సణుగుతూ, వెనక అత్తగారు గంట మోగిస్తూ. గంట గడిచేసరికి ఒక చిక్కు వచ్చింది. వాలు సుఖంగా ఉంది. ఎండ ఆకుల్లోంచి చల్లగా పడుతోంది. కింద నది కనపడుతోంది. కొలతలాయనకి సణగడానికి ఏమీ దొరకడం లేదు.

"అల్లుడూ, గోడ వస్తోంది. కానియ్."

"రావడం లేదు అత్తయ్యా."

"ఇన్నేళ్లూ అడక్కుండానే వచ్చిందిగా!"

"అడిగితే ఎలా వస్తుంది చెప్పండి?"

ఆవిడ ఒక్క క్షణం ఆలోచించింది. "సరే అయితే విను. నీ పెళ్లి కోటు చేతులు రెండు వేళ్లు పొట్టిగా ఉన్నాయని ఇరవై ఏళ్లుగా దర్జీలందరినీ ఆడిపోసుకుంటావు చూడు? కుట్టింది నేనే. కావాలనే పొట్టి చేశాను. నువ్వు మా అమ్మాయికి తగవనిపించింది."

కొలతలాయన బ్రేకు వేశాడు. "కావాలనా! ఆ ఫొటోల్లో నా మణికట్లు చూసి మా పెద్దనాన్న..." అని మొదలుపెట్టినవాడు మూడు కిలోమీటర్ల దాకా ఆపలేదు. కోటుని తిట్టాడు, ఫొటోలని తిట్టాడు, పనిలో పని దారినీ తిట్టాడు. గోడ బారెడు బారెడుగా చదునై, కొండ చుట్టూ నాలుగు మెలికలు తిరిగి పడుకుంది. మూడు చక్రాల సైకిలు దాని మీద పెళ్లి ఊరేగింపులా దిగింది.

నీటిమట్టం గది దగ్గర ఆగేసరికి మీటరు నలభైఏడు చూపించింది. ఆఫీసరు మొహం ఆయన కళ్ల ముందు మెదిలింది.

చేతికి కట్టుతో చెల్లెలు గుమ్మంలోకి వచ్చింది. తొమ్మిదేళ్ల తర్వాత ఆవిడ నోట వచ్చిన మొదటి మాట: "ఇప్పుడా రావడం?"

"అల్లుడు దారి పొడుగు చేశాడు. పుస్తకం ఎక్కడ?"

"నాకెవరి సాయమూ అక్కర్లేదు. టీ తాగి సాయంత్రానికి వెళ్లిపో."

అత్తగారు వెనక్కి తిరిగి, తను వచ్చిన దారిని కొండ పైదాకా కళ్లారా చూసింది. కళ్లజోడు తీసి పైట చెంగుతో తుడుచుకుంది.

"ఎంత మంచి దారివి తల్లీ" అంది మెల్లగా. "నీలాంటిది ఇంకోటి లేదు."

కొండంతా ఒకసారి గలగలమంది. మెలికలన్నీ విప్పుకుని, కంకరంతా సర్దుకుని, దారి నిటారుగా బిగుసుకుంది. గోడ మళ్లీ గోడలా నిలబడింది.

"అయ్యో, ఇప్పుడెలా వెళ్తావే?" అంది చెల్లెలు.

"వెళ్లలేను" అంది అత్తగారు, బుట్టలోంచి పెన్నులు తీసుకుంటూ. "అల్లుడూ, నువ్వు బయల్దేరు. నోరు జాగ్రత్త."

కొలతలాయన పెదవులు పంటికింద బిగించి తొక్కాడు. గోడ దగ్గర దిగి సైకిలు తోశాడు. పిక్కలు పట్టేసినా, ఈగ ముక్కు మీద వాలినా కిక్కురుమనలేదు. గేటు దగ్గర కాపలావాడు "అంకె కలిసిందా సార్?" అంటే, గేటు అవతలికి వచ్చాకే నోరు తెరిచాడు.

"ఇరవైరెండు కిలోమీటర్ల మూడు వందల ఎనభై."

ఆ సాయంత్రమే అంకె ఆఫీసుకి వెళ్లింది. లోయ పుస్తకంలో నిలిచింది. నది గీతల లెక్కలు కూడా ఆ పూట నుంచి అత్తగారి గుండ్రటి అంకెల్లో వెళ్లడం మొదలైంది.

మర్నాడు పొద్దున కొలతలాయన టైరు నొక్కి చూశాడు. "గాలి తగ్గింది" అన్నాడు. ఆగాడు. ముందుగదిలో మిషను మీద గుడ్డ కప్పి ఉంది. ఇంకాస్త గట్టిగా అన్నాడు. ఎవరూ ఏమీ అనలేదు.

హెల్మెట్ పెట్టుకుని సైకిలు బయటికి తీశాడు.

"ఆదివారం కూడానా? కొలతలు అయిపోయాయిగా!" అంది భార్య.

"కొలవడానికి కాదు. మణికట్టు అతుక్కోవడానికి ఆరు వారాలు పడుతుందట. అప్పటికి మీ అమ్మ ఎక్కి వచ్చేలా ఉండాలి కదా దారి."

గేటు దాటాడు. కంకర మీద సైకిలు ఆపి, ఊపిరి నిండా పీల్చుకుని, కోటు చేతుల దగ్గర మొదలుపెట్టాడు.